వాపసిచ్చిన టికెట్లు

23 డిసెంబర్ 2004, గురువారం

మధ్యాహ్నం మూడు దాటాక రేడియోలో చెప్పారు. మాజీ ప్రధానమంత్రి గారు ఢిల్లీ ఆసుపత్రిలో పోయారట. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి తెలుగువాడు. కేకు పిండి కలుపుతున్నదాన్ని పక్కనపెట్టి, ఆయన కుటుంబం కోసం ప్రార్థన చేశాను. ఏడు రోజులు దేశమంతా సంతాపం.

సాయంత్రం వీరన్న గారు స్కూటర్ మీద వచ్చారు. పార్టీ బ్లాక్ ప్రెసిడెంటు అయ్యాక గరాచర్మలో మా ఇంటిదాకా రావడం ఇదే మొదటిసారి. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు.

"దీదీ, ఆదివారం పది గంటలకి మన హాల్లో సంతాపసభ. హట్ బేలో కూడా ఒకటి పెట్టించాలి. తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కదా అక్కడ. ఫొటోలు ఢిల్లీ పోతాయి. మీ తమ్ముడికి చెప్పండి."

"సుందర్ రేపటి షిప్‌కి పండక్కి వస్తున్నాడండీ."

"అరే, పండగ ఏటా వస్తాది. ఇంత పెద్దమనిషి మళ్ళీ పోతాడా?" అన్నారు. అని తనే నాలిక కరుచుకున్నారు. వెళ్ళబోతూ, "మహిళా విభాగం వైస్ ప్రెసిడెంట్ కోసం పైనుంచి పేరు అడుగుతున్నారు. నా మనసులో మీరే ఉన్నారు" అన్నారు.

పదిహేనేళ్ళుగా జెండాలు కుట్టాను, ఓటరు చీటీలు పంచాను, సభలకు ఆడవాళ్ళను కూడగట్టాను. వేదిక మీద కుర్చీ ఎవరూ వెయ్యలేదు. నా గొంతు చిన్నదని అనేవారు.

సముద్రం అవతల హట్ బే దీవిలో నూకన్న ఫోన్ బూత్‌కి చేసి సుందర్‌ని పిలిపించాను. వాడి టెంట్ హౌస్ పక్కనే. కుర్చీలు, మైకు అన్నీ వాడివే కనుక సభ పెట్టడం వాడికి పెద్ద పని కాదు. "అక్కా, టికెట్లు చేతిలో ఉన్నాయే. రెండు రోజులు లైన్లో నిలబడి తెచ్చాను. పుష్ప సామాను కూడా కట్టేసింది" అన్నాడు. ఈసారికి ఆగిపొమ్మన్నాను. ముప్పయ్యో తేదీ షిప్‌కి వస్తే కొత్త సంవత్సరం ఇక్కడే చేసుకుందామన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ నచ్చజెప్పాను. సరేనన్నాడు. చిన్నప్పటినుంచీ నా మాట కాదనడు. అమ్మ పోయాక వాడికి నిక్కరు తొడిగి బడికి పంపింది నేనే.

వీరన్న గారికి కబురు చేశాను, మా తమ్ముడు చేతిలో ఉన్న టికెట్లు వాపసిచ్చి మరీ సభ పెడుతున్నాడని.

24 డిసెంబర్

నల్లగుడ్డ కత్తిరించి రెండు వందల బ్యాడ్జీలు చేశాను. గుండుసూదులు తక్కువపడ్డాయి.

సుందర్, పుష్ప రావట్లేదని తెలిసి వాళ్ళ కూతురు ఇవాంజలిన్ ముఖం మాడ్చుకుంది. ఇక్కడ నా దగ్గరుండి కాలేజీ చదువుతోందన్న మాటే గాని పిల్ల ప్రాణం హట్ బేలోనే ఉంటుంది. "ఎందుకు రావట్లేదు అత్తా?" అని అడిగింది. టికెట్లు దొరకలేదట అన్నాను. చిన్న అబద్ధం. పండగపూట పిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకు.

వరండాలో కట్టిన నక్షత్రం దీపం తీసేశాను. "యేసయ్య పుట్టడానికి కూడా పార్టీ పర్మిషన్ కావాలా?" అంది. నవ్వాను గాని దీపం మళ్ళీ పెట్టలేదు.

25 డిసెంబర్, క్రిస్మస్

తెల్లచీర, నల్లబ్యాడ్జీతో ఆరాధనకు వెళ్ళాను. స్టీవెన్ పాస్టర్ గారు గుమ్మం దగ్గర చెయ్యి కలుపుతూ, "ఈ ఒక్కరోజుకి తీసేస్తే బాగుండునేమో సుచరితమ్మా" అన్నారు. తియ్యలేదు. దుఃఖం సెలవు తీసుకోదు కదా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అది దుఃఖమేనా అనిపిస్తోంది. వీరన్న గారి భార్య కూడా బ్యాడ్జీ పెట్టుకోలేదని చూశాను. చూసి సంతోషించాను కూడా. ప్రభువు క్షమించాలి.

సాయంత్రం సుందర్ బూత్ నుంచి చేశాడు. "అరవై కుర్చీలు వేస్తున్నా. చాల్తాయా?" అన్నాడు. పటానికి పువ్వులు దొరకలేదట, గుడిలో పండక్కి కట్టిన దండలు అడుగుతానన్నాడు. సభ ఎనిమిదికే మొదలుపెట్టు, ఆరాధన టైముకి అయిపోవాలి, నువ్వు ఆరింటికల్లా అక్కడ ఉండాలి, జనం బాగా కనబడేటట్టు సముద్రం వైపునుంచి ఫొటో తీయించు అని చెప్పాను.

26 డిసెంబర్

పొద్దున్న ఆరున్నరకి నేల ఊగింది. గోడ బీటవారింది. ఇవాంజలిన్ చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తాను. చాలాసేపు ఊగింది. తర్వాత కిందివైపునుంచి జనం ఎక్కి వస్తున్నారు, సముద్రం జంగ్లీఘాట్‌లో ఇళ్ళలోకి వచ్చిందని.

హాల్లో సభ జరగలేదు.

హట్ బే ఫోన్ మోగడంలేదు.

27 డిసెంబర్

మోగడంలేదు.

28 డిసెంబర్

హట్ బే బజారు లేదంటున్నారు. బజారు లేకపోవడమంటే ఏమిటో అర్థం కావడంలేదు. సుందర్ తెలివైనవాడు. ఈదడం వచ్చు. కొండ దగ్గరే.

స్కూల్లో పెట్టిన క్యాంపుకి వెళ్ళి గోడ మీద అంటించిన జాబితాలు చదివాను. ఇవాంజలిన్‌కి తెలుగు చదవడం సరిగా రాదు, హిందీ జాబితా తను చూసింది, తెలుగుది నేను చూశాను. మొదటి పేరు నుంచి ఆఖరుదాకా. పుష్పవతి ఉంది. సురక్షితం అని రాసి ఉంది. సుందర్‌రాజ్ లేడు. జాబితాలో లేకపోయినంత మాత్రాన ఏమీ కాదు.

29 డిసెంబర్

నూకన్న షిప్‌లో వచ్చాడు. క్యాంపు వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. లేవగానే తెలిసిపోయింది.

"భూకంపం ఆగాక అందరం నవ్వుకున్నాం దీదీ. పటం పడిపోతే సుందర్ తీసి మళ్ళీ పెట్టాడు. తర్వాత నీళ్ళు మెల్లగా వచ్చాయి, సీలమండల దాకా. కుర్సీలు తేలిపోతన్నాయి. 'ఒరే, వొదిలీ, కొండెక్కీ' అని నాను అరుత్తూనే ఉన్నాను. 'ఉండెహె, రెండు వరసలే ఉన్నాయి' అన్నాడు. అంతే. ఆ రెండోసారి వచ్చింది మెల్లగా రాలేదు."

మూడో రోజున దొరికాడట. అక్కడే మిగతావాళ్ళతో పాటు మట్టి చేశారు. పాస్టరు లేడు. నూకన్న తనకు వచ్చిన ప్రార్థన చెప్పాడట. అతను హిందువు. పరలోక ప్రార్థన సగమే వచ్చునన్నాడు.

వెళ్ళబోతుంటే పక్కకు పిలిచి, "ఆ గురువారం ఫోన్లో సుందర్ మాటాడినప్పుడు నాను అక్కడే ఉన్నాను దీదీ. పుష్పకి నాను ఏటీ సెప్పను" అన్నాడు.

చెప్పడానికి ఏముంది అని నేను అడగలేదు.

30 డిసెంబర్

ఏడు రోజుల సంతాపం నిన్నటితో అయిపోయింది. ఆఫీసు మీద జెండా పైకెత్తారు.

పుష్ప ఈరోజు వచ్చింది. ఒంటిమీద ఎవరిదో నైటీ. నేను కౌగిలించుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "టికెట్లు దొరికుంటే బతికిపోయేవాడు వదినా" అంది. "ఆ కౌంటర్లో వాడెవడో వాడి చేతులు పడిపోను."

ఆమెకు కట్టుకోవడానికి నా చీర తెచ్చిచ్చాను.

వాడు ఆమెకు అలాగే చెప్పాడన్నమాట.

9 జనవరి 2005, ఆదివారం

హాల్లో సుందర్‌కి సంతాపసభ జరిగింది. మూడు వందలమంది వచ్చారు. వేదిక మీద నాకు కుర్చీ వేశారు. పుష్పనీ ఇవాంజలిన్‌నీ ముందు వరసలో కూర్చోబెట్టారు.

వీరన్న గారు కాగితం రాసి ఇచ్చారు. "మీకు మాటలు రావు, నాకు తెలుసు. ఇది చదివేయండి చాలు. బేటీకి కూడా గర్వంగా ఉంటాది" అన్నారు. ఒకసారి చూశాను. అందులో ప్రతి మాటా ఏదో ఒకరోజు నేను ఆయనకు చెప్పిందే. కాదనడానికి ఏం కారణం చూపించాలి?

చదివాను. "పండగను వదులుకుని, చేతిలో ఉన్న షిప్ టికెట్లను తన ఇష్టంతో తానే వాపసిచ్చి, ప్రియతమ నేతకు నివాళి అర్పించడానికి ఆగిపోయిన నా తమ్ముడు."

చప్పట్లు కొట్టారు. తలెత్తి చూస్తే పుష్ప నన్నే చూస్తోంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి.

బస్సులో ఇంటికి వస్తూ ఒక్కమాటే అడిగింది. "చేతిలో టికెట్లు ఉన్నాయా వదినా?"

"ఉన్నాయి."

"నాతో దొరకలేదన్నాడు."

బస్సు నిండా జనం. అక్కడ ఏం చెప్పగలను?

10 జనవరి

వాడు నలభైమూడేళ్ళ మనిషి. పసిపిల్లవాడు కాడు. నేను సలహా ఇచ్చాను. నిర్ణయం వాడిదే.

వేరే ఎవరైనా అయితే రానని చెప్పేవారు.

17 జనవరి

డిసెంబర్ ఇరవైమూడు పేజీ చదివాను. చించేద్దామనిపించింది. చించలేదు. ఆ పేజీలో కేకు పిండి మరక ఉంది.

6 ఫిబ్రవరి

వైస్ ప్రెసిడెంట్ అయ్యాను. ఆఫీసులో సుందర్ ఫొటో పెద్దది చేసి పెట్టారు. "శహీద్ సుందర్‌రాజ్" అని హిందీలో రాయించారు, అమరవీరుడని అర్థం. వాడు నీళ్ళలో కుర్చీలు ఏరుతూ పోయాడు. ఎవరికీ చెప్పలేదు.

13 మార్చి

పుష్ప ఈరోజు హట్ బే వెళ్ళిపోయింది. ప్రభుత్వం రేకుల ఇళ్ళు కట్టిస్తోంది, అక్కడ తన పేరు ఉంది. ఇక్కడే ఉండిపొమ్మన్నాను. ఇవాంజలిన్ కూడా బతిమాలింది. వినలేదు.

సుందర్ ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి ఇచ్చాను. సామానంతా సర్దుకుంది. ఫొటో మంచం మీదే ఉంచి వెళ్ళింది. మరిచిపోయిందనుకుని షిప్ దగ్గరికి పట్టుకెళ్ళాను. "వద్దు వదినా" అంది. "అక్కడ తేమ, పాడైపోతుంది" అని కూడా అంది, నా మొహం చూసి.

25 మార్చి, శుభ శుక్రవారం

గుడిలో ఉదయంనుంచి మూడు దాకా. సిలువ మీద యేసయ్య అన్న ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడారు. క్షమాపణ గురించిన మాట స్టీవెన్ పాస్టర్ గారికి వచ్చింది. ఆయనకు చెప్పేద్దామనుకుని ఆఖరుదాకా ఆగాను. చుట్టూ ఆడవాళ్ళు చేరి, "మీ విశ్వాసం చూసి మేము ధైర్యం తెచ్చుకుంటున్నాం అమ్మా" అన్నారు. ఆ తర్వాత చెప్పలేకపోయాను.

దేవుడి దగ్గర మాత్రం ప్రతిరోజూ ఒప్పుకుంటున్నాను.

14 జూలై

పుష్పకి సుందర్ పేరు మీద గుడిలో ప్రార్థన చేయిద్దామని రాశాను. నూకన్న చేత జవాబు పంపింది. వద్దంది.

2 సెప్టెంబర్

పార్టీ మీటింగ్. రంగత్ వెళ్ళివచ్చాను. నాన్న ఫారెస్టులో పనిచేసినప్పటి మా క్వార్టరు పడగొట్టేశారు. జామచెట్టు మాత్రం ఉంది. సుందర్ దానిమీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు నాన్నకు నేను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది, మెట్ల మీంచి పడ్డాడని. వాడూ అదే చెప్పాడు. నేను ఏది చెప్తే అదే చెప్పేవాడు.

20 నవంబర్ 2005, ఆదివారం, హట్ బే

పార్టీ తరఫున కుట్టుమిషన్లు పంచడానికి వచ్చాను. షిప్ దిగగానే నూకన్న కనిపించాడు. బజారు ఉన్నచోట గడ్డి మొలిచింది. టెంట్ హౌస్ ఎక్కడుండేదో నూకన్న చూపిస్తే గాని తెలియలేదు.

పుష్ప ఉన్నది రేకుల వరసలో నాలుగో గది. లోపల నిలబడితే నెత్తిమీద పెనం పెట్టినట్టుంది. చాపమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గోడకు యేసయ్య క్యాలెండరు ఉంది. వాడి ఫొటో లేదు. పెళ్ళి ఫొటో కూడా లేదు, అది సముద్రంలో పోయింది.

మిషను కోసం సంతకం పెట్టమని కాగితం ఇచ్చాను. చూసింది. కాగితం పైన "శహీద్ సుందర్‌రాజ్ స్మృతిలో" అని ఉంది. వెనక్కి ఇచ్చేసింది.

"మిషను ఇంకెవరికైనా ఇయ్యి వదినా."

"వాడి పేరు మీదే కదా పుష్పా ఇస్తున్నది."

"అందుకే వద్దు." రాయి ఒకటి తీసి పక్కన పడేసింది. "ఇరవై ఏళ్ళు కాపురం చేశాను. సారా తాగొస్తే తాగానని చెప్పేవాడు. పేకాడితే ఆడానని చెప్పేవాడు. ఆఖరికి టికెట్లు జేబులో పెట్టుకుని, నా కళ్ళలోకి చూసి, దొరకలేదే అన్నాడు. నేను కట్టిన పెట్టె నా చేత్తోనే విప్పించాడు. పెళ్ళాం కన్నా కూతురు కన్నా కుర్చీలు ఎక్కువైపోయాయి. ఇంకెన్ని ఆడాడో అబద్ధాలు, నాకేం తెలుసు? పనిచేసుకుంటున్నా అదే ఆలోచన. ఫలానా రోజు ఫలానా చోటికి పోయానన్నాడు, అది నిజమేనా? ఏడుద్దామంటే ఎవరికోసం ఏడవను? ఆ మనిషి నాకు తెలిసిన మనిషేనా?"

ఏడాదిగా నేను ఆమె మొహం తప్పించుకు తిరిగింది నా కోసం. వాడి మీద ఆమెకు ఏం మిగిలిందో ఒక్కసారైనా ఆలోచించలేదు. వాడిని సముద్రం ఒకసారి తీసుకుపోయింది. నేను ఆ కాగితం చదివి రెండోసారి తీసుకుపోయాను.

"అబద్ధం వాడిది కాదు పుష్పా" అన్నాను. "నాది."

చెయ్యి ఆగింది.

"ఆగిపొమ్మన్నది నేను. టికెట్లు చేతిలో ఉన్నాయని చెప్పాడు. వాపసిచ్చెయ్యమన్నాను. పుష్పకేం చెప్పను అన్నాడు. దొరకలేదని చెప్పు, నా పేరు ఎత్తకు, పండగపూట నన్ను తిట్టుకుంటుంది అన్నాను."

ఈ డైరీలో కూడా ఈ ముక్క రాయలేదు నేను. ఆ రోజు రాయదగినంత పెద్దదిగా అనిపించలేదు. తర్వాత రాయలేకపోయాను.

చాటలో బియ్యాన్ని అరచేత్తో చదును చేసింది. తర్వాత అడిగింది. "రావాలనుకున్నాడా?"

"రెండుసార్లు అడిగాడు."

"ఏమని అడిగాడు? ఆయనన్నది ఆయనన్నట్టు చెప్పు."

"'అక్కా, పుష్ప సామాను కట్టేసింది' అన్నాడు. రెండోసారి, 'పిల్లని చూసి ఆరు నెలలైందే, ఈ ఒక్కసారికి ఇంకెవరికైనా చెప్పు' అన్నాడు. వీల్లేదన్నాను. 'సరేలే, నువ్వు చెప్పావుగా' అన్నాడు."

"నూకన్నకి తెలుసా ఇదంతా?"

"తెలుసు."

"ఊరందరికీ తెలుసన్నమాట, నాకు తప్ప." చాట పక్కన పెట్టింది. "ఎందుకు చేశావు?"

వైస్ ప్రెసిడెంటు కోసం అన్నాను.

ఆమె నవ్వినట్టు చేసింది. "దానికా?" అంది.

నేను చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"హాల్లో మూడొందల మంది ముందు మైకులో అన్నావు, తన ఇష్టంతో తనే ఇచ్చేశాడని. నా కూతురు విన్నది. మైకులోనే వెనక్కి తీసుకో."

"పుష్పా, నీ దగ్గర ఒప్పుకున్నాను. దేవుడి దగ్గర రోజూ..."

"దేవుడికి ముందే తెలుసు. హాల్లోవాళ్ళకే తెలీదు."

21 నవంబర్, షిప్‌లో

డెక్ మీద కూర్చుని రాస్తున్నాను. మైకులో చెప్పాల్సిన మొదటి వాక్యం రాసి కొట్టేశాను. సముద్రం ప్రశాంతంగానే ఉంది.

23 నవంబర్

ఇవాంజలిన్‌కి చెప్పాను. నిలబడి విన్నది. "నాతో కూడా అదే అన్నావు, టికెట్లు దొరకలేదని" అంది. బట్టలు సర్దుకుని చౌల్దారీలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోయింది. పుస్తకాలు తరవాత తీసుకెళ్తానంది.

27 నవంబర్

ఉత్తరం రాసి పార్టీ ఆఫీసు గోడకు అంటిస్తే సరిపోదా అని ఆలోచించాను. పాస్టర్ గారి చేత చెప్పిస్తేనో. మైకులోనే అంది పుష్ప. మైకంటే నాకు భయమని ఆమెకు తెలుసు.

18 డిసెంబర్, ఆదివారం

వీరన్న గారు సునామీ వార్షికానికి ముందు పెట్టిన పెద్ద సభ. అదే హాలు. మైకులో చెప్తానని కబురు చేస్తే పుష్ప షిప్ దిగి వచ్చింది. వెనక గోడకు ఆనుకుని నిలబడింది, పక్కన ఇవాంజలిన్. కుర్చీలున్నా కూర్చోలేదు.

నన్ను పిలిచారు. కాగితం చేతిలో పెట్టారు. మడతపెట్టి బల్ల మీద ఉంచాను.

"పోయిన జనవరిలో ఇక్కడ నేను నా తమ్ముడి గురించి ఒక అబద్ధం చెప్పాను" అన్నాను.

మహిళా విభాగంలో కాసులమ్మ మూడో వరసలో ఉంది. మంచి మనిషి, నా సభలకు ఎప్పుడూ ముందు వచ్చేది ఆవిడే. చెయ్యెత్తి నవ్వుతూ, "వినబడట్లేదు దీదీ! జోర్ సే బోలో!" అని అరిచింది. అందరూ నవ్వారు. మైకతను వచ్చి మైకు నా నోటికి ఆనించి వెళ్ళాడు.

మళ్ళీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. అరిచాను. నా గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

"నా తమ్ముడు టికెట్లు తన ఇష్టంతో వాపసివ్వలేదు. నేను ఇప్పించాను. వాడు పండక్కి రావాలనుకున్నాడు. రెండుసార్లు బతిమాలాడు. నాకు పదవి కావాలని ఆపాను. భార్యకు అబద్ధం చెప్పించింది కూడా నేనే. వాడు శహీద్ కాదు. నీళ్ళలో కుర్చీలు ఏరుతుండగా పోయాడు. అక్కడికి పొద్దున్నే వెళ్ళమన్నది నేను."

వాక్యం ఆగినచోట అలవాటు కొద్దీ ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఆగిపోయారు.

వీరన్న గారు వచ్చి మైకు తీసుకుని, "దీదీకి తబియత్ బాగాలేదు, ఏడాదిగా మనసులో పెట్టుకుని..." అన్నారు. నేను మెట్లు దిగి వెనక్కి నడిచాను. జనం కుర్చీలు జరిపి దారిచ్చారు. కాసులమ్మ నా వైపు చూడలేదు.

పుష్ప అప్పటికే ఏడుస్తోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. "వద్దామనుకున్నాడే, వద్దామనుకున్నాడు" అని ఇవాంజలిన్‌తో అంటోంది. పిల్ల వాళ్ళమ్మను పట్టుకుని ఉంది. నేను నాలుగడుగుల దూరంలో ఆగిపోయాను.

ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇరవయ్యారున అమ్మవాళ్ళింట్లో ఆయన జ్ఞాపక కూటం పెట్టిస్తాను. స్టీవెన్ అయ్యగారికి చెప్తాను" అంది.

మంచిదన్నాను.

"నువ్వు రాకు వదినా."

సరేనన్నాను.

20 డిసెంబర్

రాజీనామా ఇచ్చాను. వీరన్న గారు చదివి సొరుగులో పెట్టుకున్నారు. "ఎవరు అడిగారు దీదీ మిమ్మల్ని? ఎవరైనా అడిగారా?" అని ఒకటికి రెండుసార్లు అన్నారు. కోపంగా కాదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. ఆ రోజు ఆయన నన్ను బలవంతం చెయ్యలేదు. ఒక మాట అన్నారు, అంతే. నేనే పట్టుకున్నాను.

గోడ మీద సుందర్ ఫొటో దించేశారు. మేకు ఉంది.

24 డిసెంబర్ 2005, శనివారం

ఇవాంజలిన్ వచ్చింది. పొద్దున్న పదకొండింటి బస్సుకి. చెప్పులు విప్పలేదు, గేటు లోపల నిలబడింది. చేతిలో నోటుబుక్కు.

"అత్తా, నాన్న పుట్టినరోజు ఎప్పుడు? కార్డు అచ్చువేయించాలి. సర్టిఫికెట్‌లో జూలై ఒకటి ఉంది. అది స్కూల్లో వేసింది, నిజం కాదంటోంది అమ్మ. అమ్మకి తెలీదు."

"అక్టోబర్ పంతొమ్మిది. అరవై ఒకటి."

"నైంటీన్ సిక్స్టీ వన్." హిందీలో రాసుకుంది. "పక్కానా?"

"రంగత్‌లో. నాకు ఏడేళ్ళు. వాన పడుతోంది. మంత్రసానిని పిలవడానికి నేనే పరిగెత్తాను."

అది రాసుకోలేదు. వింది మాత్రం. పెన్ను మూత పెట్టి కొంచెంసేపు నిలబడింది. వరండా వైపు చూసింది, తన పుస్తకాలు ఉన్న గది కిటికీ వైపు చూసింది. జుట్టు కత్తిరించుకుంది. చిక్కిపోయింది.

"ఇంకేమైనా కావాలా?" అన్నాను.

"లేదు. అంతే."

ఇంకా నిలబడింది. స్టౌ మీద పప్పు ఉడుకుతోంది, వాసన గేటుదాకా వస్తూనే ఉంటుంది. రావద్దని ఒకసారి చెప్పించుకున్నదాన్ని, రమ్మనే హక్కు నాకుందా అనుకుంటూ ఉండిపోయాను. బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టింది. "వెళ్తాను అత్తా" అని పరిగెత్తింది.

లోపలికి రా అనలేదు నేను. అనవలసింది.